అరంగుళం కూడా లేని సందు

తెనాలి పక్క నిమ్మతోటలో తేనెపెట్టె మూత తీసేటప్పుడు ముక్కుకు ముందు తగిలేది తేనె వాసన కాదు, పొగ. పెంపకందారు పొగ డబ్బాలో గోనెపట్టా ముక్క అంటించి రెండుసార్లు ఊదుతాడు. ఈగలు గూటికి నిప్పంటుకుందని గాబరాపడి పొట్ట నిండా తేనె తాగేస్తాయి. పైగా కుట్టిన ఈగ వదిలే హెచ్చరిక వాసనను పొగ కప్పేస్తుంది. ఆ వాసన అచ్చం అరటిపండుది! కొల్లూరు లంకల్లో అరటిపండు తిని అదే చేత్తో పెట్టె మూత తీయకపోవడం మంచిది.

ఈలోగా అతను ఒక చట్రాన్ని పైకి లాగుతాడు. బీరువాలోంచి పుస్తకం తీసినట్టు వచ్చేస్తుంది. నడుమ పిల్లల గదులు, పై అంచున మైనం మూతలు వేసిన తేనె. చూసుకుని మళ్లీ అక్కడే దించుతాడు. పట్టు చెదరదు.

ఇంత సులువుగా రావడానికి కారణం చెక్క కాదు, మేకు కాదు. చెక్కకీ చెక్కకీ మధ్య వదిలిన సందు.

ఆ సందు సంగతి తెలియకముందు తేనె తీయడమంటే పట్టు కోసి పిండడమే. పుట్టలోనో చెట్టు తొర్రలోనో ఉన్నదాన్ని పొగపెట్టి కోస్తే తేనెతోపాటు పిల్లలూ నలిగిపోయేవి. పెట్టెల్లో పెంచినా ఈగలు పట్టును గోడలకు అతికించేసేవి, కత్తి లేనిదే ఊడేది కాదు. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే చర్చి పాస్టర్‌ ఈగల పద్ధతి పట్టుకున్నాడు. సందు 6 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే జిగురుతో పూడుస్తాయి. 9 దాటితే అందులోనూ పట్టు కడతాయి. ఆ రెంటి నడుమ ఉంటే తమ నడకదారి అనుకుని వదిలేస్తాయి. అంతే, చట్రాల చుట్టూ ఆ దారి వదిలి పెట్టె కట్టాడు. 1852లో పేటెంటు వచ్చింది కానీ డబ్బు రాలేదు. ఏ వడ్రంగి అయినా కొట్టుకోగల పెట్టెకు కాపలా ఎవరు కాస్తారు?

తర్వాతవి చకచకా జరిగాయి. 1857లో జర్మనీలో మేరింగ్ అచ్చు గదుల మైనపు పలక చేశాడు. ఈగలకు పునాది పని తప్పింది. 1865లో హ్రుష్కా అనే ఆస్ట్రియా సైనికాధికారి పట్టును గిరగిరా తిప్పి తేనె చిమ్మించే యంత్రం చూపించాడు. కొడుకు బుట్టలో పట్టు పెట్టుకుని గాల్లో తిప్పుతుంటే ఆ ఆలోచన తట్టిందంటారు. నిజమో కాదో గాని ఖాళీ పట్టు మళ్లీ ఈగలకే దక్కింది.

మన పుట్ట తేనెటీగకు దొరగారి పెట్టె వదులు చొక్కా. తిరుచిరాపల్లి సెయింట్ జోసెఫ్ కాలేజీలో ఫాదర్ న్యూటన్ 1910 దశకంలో దాన్ని దీని ఒంటికి కుదించాడు. దక్షిణాదిన న్యూటన్ పెట్టె అంటే అదే. 1991-92లో థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ వచ్చి దక్షిణాదిలో ఈ జాతి గూళ్లను చాలామట్టుకు తుడిచేసింది. పిల్లపురుగులు నీటితిత్తుల్లా ఉబ్బి గదుల్లోనే చచ్చాయి. ఆ ఖాళీలోకి, 1960లలో హిమాచల్‌లో స్థిరపడ్డ ఇటలీ ఈగ దిగింది. తేనె ఎక్కువ ఇస్తుంది, ఊళ్లు తిరగడానికి ఒప్పుకుంటుంది. కానీ వర్రోవా నల్లి ముందు బేల. మన ఈగ ఆ నల్లిని ఒంటిమీంచి గీరి పారేస్తుంది, దీనికి ఆ విద్య అంతగా రాదు.

డెల్టాలో పెట్టెకు వచ్చే చిక్కు వేరు. రేపల్లె దాకా కనుచూపుమేర వరి. ఈగకు అది పచ్చటి ఎడారి, గింజ కట్టడానికి ఈగ అక్కర్లేదు, మకరందం చుక్క ఉండదు. కోత తర్వాత వచ్చే మినుము తన పుప్పొడితో తానే కాయ కడుతుంది. మిగిలినవి నిమ్మ, కొబ్బరి, కానుగ, సముద్రం వైపు మడచెట్లు. అందుకే పెట్టె ఇక్కడ కాపురం పెట్టదు, పూత ఉన్నన్నాళ్లు చుట్టంలా ఉండి వెళ్తుంది. ఆ పూతమీదే పొద్దున పురుగుమందు కొడితే సాయంత్రానికి పెట్టె ముందు ఈగలు గుట్టపడతాయి. సాయంత్రం ఈగలు గూటికి చేరాక కొట్టండని చెప్పడం తేలికే, కూలీ దొరికేది పొద్దుటే. ఈగలకు చేటని నియోనికోటినాయిడ్ రకం పురుగుమందుల్లో మూడింటిని ఐరోపా యూనియన్ 2018లో ఆరుబయట పొలాల్లో నిషేధించింది.

బాపట్ల తీరపు గాలికి ఇంకో గుణం ఉంది, తేమ. ఈగలు రెక్కలతో విసిరి విసిరి నీరు తగ్గాకే గదికి మైనం మూత వేస్తాయి. తొందరపడి మూతపడని పట్టు తిప్పితే తేనె పులిసి సీసా మూత ఎగదన్నుతుంది. మన ప్రమాణాల్లో నీరు 20 శాతం మించకూడదు.

సీసాలో మరో సందు ఉంది. కల్తీ పరీక్ష చెరకు, మొక్కజొన్న పాకాలను కార్బన్ ఐసోటోపుల లెక్కతో పట్టేస్తుంది, అవి ఒక రకం మొక్కలు. వరి అలా కాదు, ఈగలు వాలే పూలమొక్కల్లో చాలావాటి రకమే. బియ్యప్పాకం ఆ లెక్కకు చిక్కదు. 2020లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ (సీఎస్ఈ) సంస్థ 13 బ్రాండ్లను, అలాంటి పాకాలనూ పట్టే ఎన్‌ఎంఆర్ అనే పరీక్షకు పంపితే నెగ్గినవి మూడే. మకరందం చుక్క లేని వరే తేనె పేరుతో సీసాకెక్కుతోంది.

పూత అయిపోయాక చీకటి పడనిచ్చి, ద్వారాలకు జాలీ కొట్టి, పెట్టెలను లారీకెక్కిస్తారు. ఆలస్యంగా వచ్చిన ఒకటీ అరా ఈగలు మర్నాడు కూడా పెట్టె ఉన్నచోటే గాల్లో తచ్చాడుతుంటాయి.