గిన్నెలకు వినబడింది, నాకు వినబడలేదు

దసరా సెలవులకు వచ్చిన మనవడు ఓ నల్లటి పెట్టె మోసుకొచ్చాడు. బియ్యం డబ్బా అంత ఉంది, బరువూ అంతే. "తాతయ్యా, నీ పాత స్టీరియోకి సబ్‌వూఫర్ తగిలిద్దాం. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ నువ్వింకా విననే లేదు" అన్నాడు. 40 ఏళ్లుగా ఆ పాటలు వింటున్నవాణ్ణి పట్టుకుని ఆ మాట! సరే, కానీయ్ అన్నాను.

పెట్టె అంత లావెందుకో ముందు చెప్పుకుందాం. ఉక్కపోస్తే చెంచాతో విసురుకోం కదా, చేట అందుకుంటాం. ఈ పెట్టె పలికించాల్సిన బేస్, అంటే మంద్ర స్వరాల సంగతీ ఇంతే, గాలిని బాగా కదపాలి. శ్రుతి సగానికి దిగిందంటే, అదే మోత నిలవడానికి స్పీకర్ కోను నాలుగింతలు ఊగాలి. అలమరలో పెట్టుకునే చిన్న బాక్సులకు అంత ఓపిక ఉండదు. అందుకని చేటలాంటి పెద్ద కోనుతో వేరే పెట్టె.

స్టీరియో రిసీవర్ని వెనక్కి తిప్పి చూశాం. చాలా కొత్తవాటికి 'సబ్ అవుట్' అని ఒక సాకెట్ ఉంటుంది. ఒక్క వైరు దూరిస్తే పనైపోతుంది. మా ముసలిదానికి అది లేదు. మనవడి మొహం వాడిపోయింది. తీరా సబ్‌వూఫర్ వెనక చూస్తే, స్పీకర్ వైర్లు పెట్టుకునే క్లిప్పులు కూడా ఉన్నాయి. ఇంకేం! ప్లగ్గులు పీకేసి, రిసీవర్లో బాక్సుల వైర్లున్న చోటే ఇంకో రెండు జతలు కలిపాం. ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు. ఒక్క రాగి పోగు పక్కదానికి తగిలినా షార్టయి రిసీవర్ పాడైపోవచ్చు. అందుకని దీపం వత్తి నులిమినట్టు పోగులన్నీ పురిపెట్టి మరీ దూర్చాం.

"ఇంత పెద్దది తగిలిస్తే పాతదాని మీద బరువు పడదా తాతయ్యా?"

పడదురా. దీని కడుపులో సొంత ఆంప్లిఫయర్ ఉంది, గోడ ప్లగ్గు నుంచి కరెంటు తెచ్చుకుంటుంది. రిసీవర్ దగ్గర కబురు మాత్రం వింటుంది, కూడు తనింట్లోనే వండుకుంటుంది.

పెట్టె మీది నాబుని 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాం. అంటే సెకనుకు 80 ఊపులకు దిగువన ఉన్న స్వరాలు దీని వంతు. మా ఆవిడకిష్టమైన పాట పెట్టి, హాలు నడిమధ్యన ఉన్న నా కుర్చీలో దర్జాగా కూర్చున్నాను. ఏముంది? ఏమీ లేదు. ఎప్పటి పాటే. ఈలోగా వంటింటి గుమ్మం దగ్గర నుంచి కేక: "ఏమండీ, భూకంపమా ఏమిటి? గోడవారన స్టాండులో గిన్నెలన్నీ గలగలమంటున్నాయి!"

పెట్టె పనిచేస్తోంది. గిన్నెలకు వినబడుతోంది. నాకే వినబడటం లేదు.

లెక్క వేద్దాం. బేస్ గిటార్ లావు తీగ సెకనుకు 41 సార్లు ఊగుతుంది. మన ఎండలకు గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది. భాగిస్తే ఒక్కో అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, అంటే 28 అడుగులు. మా హాలు 14 అడుగులు. సరిగ్గా సగం! అక్కడుంది తిరకాసు.

పళ్లెంలో నీళ్లు పోసి అటూ ఇటూ మెల్లగా ఊపి చూపించాను. ఈ అంచున నీళ్లు లేస్తే ఆ అంచున దిగుతాయి. మధ్యలో మాత్రం మట్టం కదలదు. హాల్లో గాలి ఒత్తిడి కూడా ఆ స్వరానికి అచ్చం ఇలాగే ఊగింది. గోడల దగ్గర పెరుగుతూ తగ్గుతూ ఉంది, నడుమ నిశ్శబ్దం. చెవికి తెలిసేది ఆ ఒత్తిడి మార్పే. గిన్నెలు గోడ దగ్గర, నేను నడుమ. పెట్టె ఎక్కడ పెట్టినా ఆ నడిమి చోటు గతి అంతే. కుర్చీని నాలుగడుగులు వెనక్కి జరిపాం.

మరి పెట్టె ఎక్కడ? దీనికొక తమాషా ఉపాయం ఉంది. పలికే చోటూ వినే చోటూ తారుమారు చేసినా చెవికి చేరేది మారదు. లార్డ్ రేలీ 1877లో మొదటి సంపుటం తెచ్చిన 'థియరీ ఆఫ్ సౌండ్'లో ఈ సూత్రాన్ని వివరించాడు. అందుకని పెట్టెని నా కుర్చీలో కూర్చోబెట్టి, నేను గోడవారన పాకాను. ఏ చోట బేస్ నిండుగా, బండగా మూలగకుండా వినబడిందో అక్కడ సుద్దగీత గీశాం. పెట్టె అక్కడికి, నేను కుర్చీలోకి.

"ఎడమకొకటి, కుడికొకటి ఉండగా ఇది ఒకటి చాలా?" అని వాడి సందేహం. మన చెవికీ చెవికీ మధ్య జానెడు దూరం లేదు. 28 అడుగుల అలకి ఆ రెండూ ఒకే చోట ఉన్నట్టు లెక్క. ఎటు నుంచి వచ్చిందో అంతుపట్టదు. అందుకే ఒకటి చాలు.

చివరికి మిగిలింది ఫేజ్ స్విచ్చి. ఉయ్యాల వెనక్కి వచ్చి మళ్లీ బయలుదేరేటప్పుడు తోస్తే ఊపు పెరుగుతుంది, ఎదురొచ్చేటప్పుడు తోస్తే చచ్చిపోతుంది. పెట్టె, బాక్సులు ఒకేసారి తోయాలి. వాడు స్విచ్చి 0కీ 180కీ మారుస్తుంటే, బేస్ ఎక్కువ వినబడిన వైపు వదిలేయమన్నాను.

మళ్లీ పాట పెట్టాం. పల్లవి కింద నిబ్బరంగా నడుస్తోంది బేస్ గిటార్. 40 ఏళ్లుగా అక్కడే ఉంది పాపం. మనవడు నా మొహం చూసి నవ్వాడు, ఏమీ అనలేదు.

మా ఆవిడ మాత్రం చీపురు పట్టుకొచ్చి, ఖాళీ అయిన హాలు నడుమ నిలబడి అంది: "ఊడవడానికి అడ్డం, ఆ కుర్చీ జరపండని పదేళ్లుగా మొత్తుకుంటున్నా. నా మాటకు కదలనిది పాటకు కదిలిందన్నమాట!"