మీకు తెలుసా? ఆవు కడుపులో 52 కిలోలు

2019 అక్టోబరులో చెన్నైలో పశువైద్యులు ఒక్క ఆవు కడుపు నుంచి శస్త్రచికిత్స చేసి తీసిన వ్యర్థాల బరువు 52 కిలోలు. అందులో అత్యధిక భాగం ప్లాస్టిక్. ఇళ్లలో మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు మూటగట్టి పారేసిన పలుచని సంచిని పశువు విప్పలేదు కనుక, మేతను సరిగా నమలకుండానే మింగి తరువాత నెమరువేసుకునే సహజ స్వభావం కొద్దీ సంచితో సహా మింగేస్తుంది. ఆ సంచి రూమెన్‌లో, అంటే సూక్ష్మజీవులు మేతను పులియబెట్టే మొదటి అరలో, జీర్ణం కాకుండా, బయటకూ పోకుండా ముద్దకట్టి మేతకు చోటు లేకుండా చేయడంతో, పొట్ట నిండుగా కనిపించే ఆ మూగజీవి నిజానికి పోషణ అందక నెలల తరబడి చిక్కిపోతుంది. ఈ ముప్పును ఆపేందుకు ప్లాస్టిక్ సంచులపై నిషేధం కోరుతూ 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లిన పిటిషనర్లలో పుట్టపర్తిలోని కరుణ సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థ ఒకటి.