గర్భాశయ భ్రంశము

కటికుహరము అడుగున గర్భాశయ, మూత్రాశయ, పురీషనాళములను మోసి నిలుపు కండరములు, పెక్కు కాన్పులవలనను, వయోభారమువలనను, ఏండ్లతరబడి గడ్డిమోపు లెత్తుటవలనను సడలగా, ఆ అవయవములు యోనిలోనికి దిగజారును; అందు గర్భాశయము జారు స్థితిని గర్భాశయ భ్రంశమందురు. గోదావరి డెల్టాలో ఊడ్పులకు పోవు స్త్రీలు ‘గర్భసంచి జారింది’ అని, అదియు గొంతు తగ్గించి, చెప్పుకొందురు.

పురీషనాళపు గోడ ముందునకు ఉబ్బినచో మలము అచటనే చిక్కుకొనును. ముక్కినకొద్దీ జారుడు హెచ్చును. యోని వెనుకగోడను వ్రేలితో నొక్కి విసర్జించువారు కలరు. ఇది వైద్యు లెరిగిన లక్షణమే కాని సిగ్గుపడవలసినది కాదు. నీరు, పీచుపదార్థములు, 1948లో ఆర్నాల్డ్ కెగెల్ ప్రచురించిన కండర వ్యాయామములు, యోనిలో అమర్చి జారిన అవయవములను నిలుపు సిలికాన్ సాధనమగు పెస్సరీ పెక్కుమందికి ఊరట నిచ్చును.

అయినను మనవారికి తొలుత తోచునది కోతయే: 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున 3.2 శాతము కాగా, ఆంధ్రప్రదేశమున 8.9 శాతము! తీసివేసిన పిదపను యోని పైభాగము జారవచ్చునని ఎందరికి తెలియును?

పొదుపులెక్కలకై కూర్చుండు డ్వాక్రా సంఘములలో, పెస్సరీ వాడి కుదుటపడిన అక్క యొకతె నోరు విప్పినచో, తక్కినవారికి ఆసుపత్రి గడప దగ్గరగును. రక్తస్రావమైనను, మూత్రము బిగిసినను మాత్రము ముచ్చట్లతో జాగుచేయక తక్షణమే వైద్యుని చూడుడు.