శనగ కోత చూడని గ్రామీణ అనుభవం

కోయిలకుంట్ల ప్రాంతపు నల్లరేగడి నేలల్లో శనగను అక్టోబరు, నవంబరు నెలల్లో, నేలలో మిగిలిన తేమ ఆధారంగా విత్తుతారు. వ్యవసాయ పట్టభద్ర విద్యలో నాలుగవ సంవత్సర విద్యార్థులు గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో రైతు వెంట ఉండేది సాధారణంగా ఆ రోజుల్లోనే. విత్తనశుద్ధి, ఎండు తెగులు, గ్రామ వనరుల పటం వంటివి వారికి అక్కడే పట్టుబడతాయి. కోత మాత్రం జనవరి చివర, ఫిబ్రవరిలో వస్తుంది. అప్పటికి వారు కళాశాలకు తిరిగి వెళ్లి ఉంటారు.

ఇది చిన్న లోపం కాదు. 1906లో నెలకొల్పిన నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుండి వచ్చిన ఎన్‌బిఇజి 47 రకం నిటారుగా పెరిగి, కాయలు నేలకు ఎత్తుగా కాస్తుంది. కంబైన్ హార్వెస్టరుతో కోతకు అనువైనది. పొట్టిగా, గుబురుగా పెరిగే జెజి 11లో యంత్రపు కత్తికి అందని కాయలు చేలోనే మిగిలిపోతాయి. కూలీలు దొరకని రైతు అడిగేది ఈ లెక్కే: గింజ ఎంత పోయింది, కూలి ఎంత తప్పింది? విత్తేనాటి ఉపన్యాసం దీనికి సమాధానం చెప్పలేదు.

కనుక విస్తరణ విభాగాలు రాబోయే రబీ కార్యక్రమ పట్టికలో కోతకు రెండు రోజులైనా కేటాయించి, అదే విద్యార్థిని అదే రైతు పొలానికి తిరిగి పంపాలి. చదరపు మీటరు చట్రం వేసి రాలిన గింజలు ఏరి తూచడానికి ఒక ఉదయం చాలు.