హార్డ్ డిస్క్‌లో సినిమా ఉంది, క్యారవాన్ టీవీలో ఎందుకు రాదు?

కొండదారిలో రోజంతా నడిచిన వాహనం చీకటి పడేవేళకు ఒక చదునైన చోట ఆగుతుంది. వంట, భోజనాలు పూర్తవుతాయి. పిల్లలు సినిమా పెట్టమంటారు. ఫోన్‌లో సిగ్నల్ లేదు కాబట్టి ఓటీటీ పనిచేయదు. ఆ సంగతి ముందే ఊహించి ఇంటి నుంచి తెచ్చుకున్న హార్డ్ డిస్క్‌ను గోడకు బిగించిన చిన్న టీవీకి తగిలిస్తారు. యూఎస్‌బీ పరికరం ఏదీ లేదన్న సందేశం తప్ప తెరపై మరేమీ కనిపించదు.

నిన్న ఇంట్లో కంప్యూటర్‌పై చక్కగా ఆడిన సినిమాయే అది. డిస్క్ పాడైందని ఒకరు, టీవీ పనికిరానిదని మరొకరు అనుకుంటారు. చాలా సందర్భాల్లో రెండూ బాగానే ఉంటాయి. డిస్క్‌లోని సినిమా తెర మీదికి రావాలంటే నాలుగు మెట్లు దాటాలి. డిస్క్‌కు చాలినంత విద్యుత్తు అందాలి. డిస్క్‌లో ఫైళ్లను అమర్చిన పద్ధతి టీవీకి తెలిసి ఉండాలి. కుదించి దాచిన చిత్రాన్ని టీవీ విప్పగలగాలి. ధ్వనిని కూడా విప్పగలగాలి. ఈ నాలుగింటిలో లోపం ఎక్కడుందో తెలియక తొందరపడి నొక్కే ఒక్క బటన్, అదే డిస్క్‌లో ఏళ్ల తరబడి దాచుకున్న పెళ్లి వీడియోలను, పిల్లల ఫొటోలను తుడిచిపెట్టగలదు.

షూటింగ్ నుంచి పర్యాటకానికి

తెలుగువారికి క్యారవాన్ అనగానే షూటింగ్ స్థలంలో నటీనటులు విశ్రాంతి తీసుకునే వాహనం గుర్తుకొస్తుంది. పడకలు, వంటగది, మరుగుదొడ్డి ఉన్న పర్యాటక వాహనానికీ ఇప్పుడు అదే పేరు స్థిరపడుతోంది. మహారాష్ట్ర 2021లో క్యారవాన్ పర్యాటక విధానాన్ని ఆమోదించింది. అదే ఏడాది కేరళ ప్రభుత్వం ‘కేరవాన్ కేరళ’ పథకాన్ని ప్రకటించింది. మరుసటి ఏడాది ఇడుక్కి జిల్లా వాగమన్‌లో క్యారవాన్ పార్కు ప్రారంభమైంది. ఆస్ట్రేలియా, బ్రిటన్ వంటి దేశాల్లో ఈ అలవాటు దశాబ్దాల నాటిది. అక్కడ స్థిరపడిన తెలుగువారికీ ఇది కొత్తేమీ కాదు.

ఇలాంటి వాహనాలు ఆగే చోట్లు సాధారణంగా ఊళ్లకు దూరంగా ఉంటాయి. ఇంటర్నెట్‌పై ఆధారపడే వినోదం అక్కడ నమ్మదగినది కాదు. అందుకే ప్రయాణికులు చేతిలో ఉన్న డిస్క్‌ను నమ్ముకుంటారు.

మొదటి మెట్టు: డిస్క్‌కు బలం చాలుతోందా?

జేబులో పట్టే హార్డ్ డిస్క్‌కు సాధారణంగా వేరే ప్లగ్ ఉండదు. తగిలించిన యూఎస్‌బీ పోర్టు నుంచే అది విద్యుత్తు తీసుకుంటుంది. లోపలి పళ్లేలు తిరగడం మొదలుపెట్టే క్షణంలో దానికి ఎక్కువ బలం కావాలి. కొన్ని డిస్క్‌లు ఆ సమయంలో దాదాపు ఒక ఆంపియర్ దాకా లాగుతాయి. యూఎస్‌బీ 2.0 ప్రమాణం ప్రకారం ఒక పోర్టు ఇవ్వవలసింది 500 మిల్లీ ఆంపియర్లే. యూఎస్‌బీ 3.0లో అది 900 మిల్లీ ఆంపియర్లు. చిన్న టీవీల్లో ఎక్కువగా పాత తరహా పోర్టులే ఉంటాయి.

బలం చాలనప్పుడు డిస్క్ దీపం వెలిగి ఆరుతుంది. టిక్కుటిక్కుమనే శబ్దం వినిపిస్తుంది. లేదా టీవీ దాన్ని ఒకసారి గుర్తించి మరుక్షణం మరిచిపోతుంది. అదే పోర్టులో పెన్‌డ్రైవ్ పనిచేస్తుంటే అనుమానం విద్యుత్తు మీదకు మళ్లాలి. సొంత ఆధారం నుంచి విద్యుత్తు తీసుకునే యూఎస్‌బీ హబ్‌ను మధ్యలో పెట్టడం దీనికి తేలికైన పరిష్కారం. పళ్లేలు తిరగని ఎస్‌ఎస్‌డీకి, పెన్‌డ్రైవ్‌కు ఆ తొలి క్షణపు భారం ఉండదు.

కొన్ని టీవీల్లో యూఎస్‌బీ పోర్టు పక్కన ‘సర్వీస్’ అని ముద్రించి ఉంటుంది. అది మరమ్మతు సిబ్బంది కోసం పెట్టినది. దానిలో సినిమా ఆడకపోతే అది లోపం కాదు.

రెండో మెట్టు: డిస్క్ భాష టీవీకి తెలుసా?

గ్రంథాలయంలో ఏ పుస్తకం ఏ అరలో ఉందో చెప్పే పట్టిక ఉన్నట్టే, డిస్క్‌లోనూ ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పద్ధతి ఒకటి ఉంటుంది. దాన్ని ఫైల్ సిస్టమ్ అంటారు. ఫ్యాట్32, ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్ అనేవి వాటిలో ముఖ్యమైనవి. యాపిల్ కంప్యూటర్లకు విడిగా ఏపీఎఫ్ఎస్ ఉంది.

1996లో వచ్చిన ఫ్యాట్32ను దాదాపు ప్రతి టీవీ చదువుతుంది. అయితే అందులో ఒక్కో ఫైలు 4 జీబీకి మించకూడదు. రెండున్నర, మూడు గంటల తెలుగు సినిమా మంచి నాణ్యతలో ఆ హద్దు దాటడం మామూలే. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు అలాంటి ఇబ్బంది లేదు. చాలా టీవీలు దాన్ని చదువుతాయి కానీ అన్నీ కాదు. ఎక్స్‌ఫ్యాట్‌ను మైక్రోసాఫ్ట్ 2006లో తెచ్చింది. దాని వివరాలను అందరికీ అందుబాటులో పెట్టింది 2019లోనే. అందువల్ల అంతకుముందు తయారైన ఎన్నో టీవీలకు ఆ పద్ధతి తెలియదు. ఏపీఎఫ్ఎస్‌లో అమర్చిన డిస్క్‌ను టీవీలు చదువుతాయని ఆశించకపోవడమే మంచిది.

డిస్క్ పరిమాణం కూడా అడ్డం రావచ్చు. 2 టీబీకి మించిన డిస్క్‌లను సాధారణంగా జీపీటీ అనే కొత్త పద్ధతిలో విభజిస్తారు. పాత టీవీల్లో కొన్నిటికి అది తెలియదు. అందుకే పెద్ద డిస్క్ కంటే చిన్న డిస్క్ తేలికగా ఆడుతుందన్న అనుభవం చాలామందికి ఎదురవుతుంది.

‘ఫార్మాట్ చేయాలా?’ అని టీవీ అడిగితే

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. టీవీ కార్యక్రమాలను రికార్డు చేసుకునే సదుపాయమున్న కొన్ని టీవీలు, కొత్త డిస్క్ తగిలించగానే దాన్ని ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతాయి. ఆ డిస్క్‌ను తన రికార్డింగుల కోసం సిద్ధం చేసుకోవడమే టీవీ ఉద్దేశం. సినిమా చూపించడానికి ఆ పని అవసరం లేదు. ‘సరే’ అని నొక్కితే డిస్క్‌లో అప్పటిదాకా ఉన్నవి పోతాయి. టీవీ రాసిన కొత్త అమరిక కొన్నిసార్లు కంప్యూటర్‌కు కూడా అర్థం కాదు.

అలా జరిగిందని తెలిస్తే డిస్క్‌ను వెంటనే తీసి, దానిలో కొత్తగా ఏమీ రాయకుండా పక్కన పెట్టాలి. కొత్త సమాచారం పడనంత వరకు పాత ఫైళ్లను తిరిగి రాబట్టే అవకాశం కొంత మిగిలి ఉంటుంది. అది అవకాశమే, హామీ కాదు.

ఫైల్ సిస్టమ్ మార్చవలసి వస్తే ఆ పని ఇంట్లో కంప్యూటర్ మీదే చేయాలి. ఫార్మాట్ అంటే తుడిచివేతే కాబట్టి, లోపల ఉన్నవన్నీ ముందుగా మరోచోటికి నకలు తీసుకోవాలి.

మూడు, నాలుగు మెట్లు: బొమ్మ, మాట

ఫైళ్ల పేర్లు తెరపై కనిపించాయంటే మొదటి రెండు మెట్లు దాటినట్టే. ఆ తర్వాత కూడా సినిమా ఆడకపోతే కారణం కోడెక్. సినిమాను యథాతథంగా దాచాలంటే ఎంతో చోటు కావాలి కాబట్టి ఒక లెక్క ప్రకారం కుదించి దాస్తారు. ఆ కుదింపును విప్పే విధానం టీవీలోని చిప్‌కు తెలియాలి. 2003 నాటి హెచ్.264 విస్తృతంగా పనిచేస్తుంది. 2013లో వచ్చిన హెచ్.265 తక్కువ చోటులో అదే నాణ్యతను ఇస్తుంది కానీ పాత టీవీలకు అది తెలియదు. కంప్యూటర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకున్నంత సులువుగా టీవీకి కొత్త కోడెక్ నేర్పలేరు.

ఫైలు పేరు చివర ఉండే ఎంపీ4, ఎంకేవీ అన్నవి పెట్టె పేర్లు మాత్రమే. లోపల ఉన్న సరుకు ఏమిటో అవి చెప్పవు. ఒక ఎంకేవీ ఆడి, మరో ఎంకేవీ ఆడకపోవడానికి కారణం ఇదే.

బొమ్మ కదులుతున్నా మాట వినిపించకపోవడం మరో సాధారణ ఫిర్యాదు. ధ్వనికి వేరే కోడెక్ ఉంటుంది. డీటీఎస్ పద్ధతిలో ఉన్న ధ్వనిని కొన్ని టీవీలు విప్పలేవు. బొమ్మను, మాటను జతపరచడం సినిమాకు పుట్టుకతో వచ్చిన చిక్కు. తెలుగు సినిమా పితామహుడిగా పేరొందిన రఘుపతి వెంకయ్య నాయుడు 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రంతో ఊరూరా తిరిగి, బర్మా, సిలోన్ దాకా వెళ్లి ప్రదర్శనలు ఇచ్చారు. ఆ యంత్రంలో బొమ్మ ఫిల్మ్‌పైన, ధ్వని గ్రామఫోన్ పళ్లెంపైన విడివిడిగా ఉండేవి. నేటి ఫైలులో ఆ రెండూ ఒకే పెట్టెలో ఉన్నా, విప్పే తాళంచెవులు మాత్రం ఇప్పటికీ రెండే.

ఆడని ఫైలును హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్‌పై హెచ్.264 చిత్రం, ఏఏసీ ధ్వని ఉన్న ఎంపీ4గా మార్చుకోవచ్చు. లేదా ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలపవచ్చు. అప్పుడు ఫైలును విప్పే పని ల్యాప్‌టాప్ చేస్తుంది. టీవీ కేవలం తెరగా ఉంటుంది.

తెలుగు సబ్‌టైటిళ్ల విషయంలో మరో జాగ్రత్త అవసరం. టీవీలో తెలుగు అక్షరాలు లేకపోతే తెరపై ఖాళీ గళ్లు కనిపిస్తాయి. ఒత్తులు, గుణింతాలు విడిపోయి కూడా రావచ్చు. మార్చేటప్పుడే సబ్‌టైటిళ్లను బొమ్మలో కలిపివేస్తే ఈ ఇబ్బంది ఉండదు.

కుదుపులు, వేడి, బ్యాటరీ

హార్డ్ డిస్క్‌లో పళ్లేలు సాధారణంగా నిమిషానికి 5,400 సార్లు తిరుగుతాయి. వాటి మీదుగా, వెంట్రుక మందం కంటే ఎంతో తక్కువ ఎడంలో, చదివే ముల్లు కదులుతుంది. గుంతల రోడ్డుపై వాహనం నడుస్తుండగా డిస్క్ పనిచేస్తుంటే ఆ ముల్లు పళ్లేనికి తగిలి గీత పడవచ్చు. నడిచే వాహనంలో సినిమా చూడాలంటే ఎస్‌ఎస్‌డీ లేదా పెన్‌డ్రైవ్ వాడాలి. ఆ సమయంలో టీవీ డ్రైవర్ కంటికి కనిపించకూడదు.

వేడి మరో శత్రువు. బయట 40 డిగ్రీలున్న వేసవి మధ్యాహ్నం తలుపులు మూసి నిలిపిన వాహనంలో ఉష్ణోగ్రత 50 డిగ్రీలు దాటగలదు. టీవీ వెనుక తగిలించిన డిస్క్‌ను అలాగే వదిలి వెళ్లడం మంచిది కాదు.

బ్యాటరీ గురించి ఉన్న భయం మాత్రం కొంత అతిశయం. 12 వోల్టులతో నడిచే 30 వాట్ల టీవీ గంటకు 2.5 ఆంపియర్ గంటల విద్యుత్తు వాడుతుంది. మూడు గంటల సినిమాకు అయ్యేది 7.5 ఆంపియర్ గంటలు. 100 ఆంపియర్ గంటల లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలన్న జాగ్రత్త పాటించినా, అందులో ఇది ఆరో వంతు కంటే తక్కువ. ఇన్వర్టర్ ద్వారా 230 వోల్టుల టీవీని నడిపితే మార్పిడిలో కొంత విద్యుత్తు వృథా అవుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ వోల్టేజీ 14 దాటుతుంది కాబట్టి, వాహనాల కోసం తయారైన టీవీనే నేరుగా దానికి కలపాలి.

చట్టం ఏం చెబుతోంది?

ఓటీటీ యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న సినిమా ఆ యాప్‌లోనే ఆడుతుంది. దాన్ని డిస్క్‌లోకి తీసుకున్నా టీవీ చదవలేదు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో ఇలాంటి సాంకేతిక రక్షణను ఛేదించడం శిక్షార్హం. అనుమతి లేని ప్రతులను ప్రదర్శించేవారికి 2023 నాటి సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం కింద 3 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, కనీసం 3 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు. క్యారవాన్లు అద్దెకిచ్చే నిర్వాహకులు సినిమాలతో నింపిన డిస్క్‌ను కానుకగా ఇచ్చే ముందు ఈ సంగతి ఆలోచించుకోవాలి.

సొంతంగా తీసుకున్న వీడియోలు, హక్కుదారులే ఫైలుగా అమ్మిన సినిమాలు నిరభ్యంతరంగా చూసుకోవచ్చు. భారతీయ చట్టం ప్రకారం సినిమాపై కాపీరైట్, విడుదలైన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్లు ఉంటుంది. అంతకంటే పాత చిత్రాలకు ఆ గడువు తీరినా, పాటలు, కథలు, రంగులద్దిన కొత్త ప్రతుల హక్కులు వేరుగా ఉండవచ్చు.

బయలుదేరే ముందు

ఈ చిక్కులన్నిటికీ పరిష్కారం ఉండేది ఇంట్లోనే. కొండ మీద కంప్యూటర్ ఉండదు, ఇంటర్నెట్ ఉండదు, మరో కేబుల్ కొనే దుకాణం ఉండదు. ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందే డిస్క్‌ను ఆ వాహనంలోని టీవీకే తగిలించి, ప్రతి సినిమాను ఐదు నిమిషాలు ఆడించి, మాట కూడా వినిపిస్తోందో లేదో చూసుకోవాలి. అద్దె వాహనమైతే టీవీ మోడల్ సంఖ్య ముందే అడిగి, అది ఏయే ఫైళ్లను చదువుతుందో తెలుసుకోవాలి. చూడటం పూర్తయ్యాక టీవీ మెనూలో డిస్క్‌ను విడదీసే ఆదేశమిచ్చి, ఆ తర్వాతే కేబుల్ తీయాలి.

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్తకు ఖర్చు స్వల్పం. నాలుగైదు సినిమాలు నకలు చేసిన ఒక పెన్‌డ్రైవ్ బండిలోకి వెళ్లాలి. పెళ్లి వీడియోలు, పెద్దల గొంతులు, పిల్లల తొలి అడుగులు ఉన్న డిస్క్ ఇంటి బీరువాలోనే ఉండాలి. పోయిన సినిమా మళ్లీ దొరుకుతుంది. పోయిన జ్ఞాపకానికి రెండో ప్రతి లేకపోతే ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని కచ్చితంగా తెచ్చివ్వలేదు.