నిచ్చెన ఎక్కే బడి

ఏ పాఠం ఎప్పుడు చదవాలో పిల్లలే చూసుకునే పద్ధతి మదనపల్లె దగ్గరి పల్లెల్లో రూపుదిద్దుకుంది. అక్కణ్నుంచి రాష్ట్రాలు దాటింది. దాటాక ఎంత మిగిలిందన్నదే ప్రశ్న.

గంట కొట్టగానే ఈ బడుల్లో టీచర్ నల్లబల్ల దగ్గరికి వెళ్లరు. పిల్లలే గోడకున్న చార్టు దగ్గరికి వెళ్తారు. దాని పేరు నిచ్చెన. మెట్టు మెట్టుకూ ఓ బొమ్మ ఉంటుంది. నిన్న తాము ఆగిన మెట్టు వెతుక్కుని, ఆ గుర్తున్న కార్డు తెచ్చుకుని పనిలో పడతారు. ఒకరు గింజలు పోగులు పెట్టి కూడికలు చేస్తుంటే, పక్కనే ఇంకొకరు కథ చదువుతుంటారు. ఒకే గదిలో రెండు మూడు తరగతుల పిల్లలు కలిసి కూర్చుంటారు. చిన్న పిల్ల తడబడితే పెద్ద పిల్ల చెబుతుంది. కొత్త విషయం మొదలుపెట్టే వాళ్ల దగ్గరే టీచర్ ఎక్కువసేపు కూర్చుంటారు. మిగతా గుంపులు కొంత టీచర్ సాయంతో, కొంత తోటి పిల్లల సాయంతో, కొంత సొంతంగా నడుస్తాయి.

మదనపల్లె దగ్గరి ఋషివ్యాలీ పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో నడిచే బోర్డింగ్ స్కూలు, ఫీజు కట్టగలిగిన ఇళ్ల పిల్లలు. కానీ విద్యారంగంలో దేశమంతా చెప్పుకొన్న మార్పు ఆ ఆవరణకు బయట, చుట్టుపక్కల పల్లెల్లో వచ్చింది. 1980ల్లో వై.ఎ. పద్మనాభరావు, ఎ. రమ దంపతులు అక్కడి గ్రామీణ విద్యా కేంద్రం బాధ్యత తీసుకుని, పల్లెల్లో చిన్న చిన్న ఏకోపాధ్యాయ పాఠశాలలు నడపడం మొదలుపెట్టారు.

వాళ్లకు ఎదురైన చిక్కు పల్లెటూరి పంతుళ్లందరికీ తెలిసిందే. కరువు సీమ. వేరుశనగ పీకే రోజులొస్తే పిల్లలు పొలంలో ఉంటారు. మేకల వెంట వెళ్లేవాళ్లు వెళ్తారు. పది రోజుల తర్వాత తిరిగొచ్చేసరికి తరగతి రెండు పాఠాలు ముందుకు పోయి ఉంటుంది. అర్థం కాని చోట కూర్చోలేక ఆ పిల్లవాడు మెల్లగా బడి మానేస్తాడు. రికార్డుల్లో అతను డ్రాపవుట్. నిజానికి అతనికోసం ఆగనిది పాఠ్య పుస్తకం. నిచ్చెన ఆ లెక్క మార్చింది. ఎన్ని రోజులకు వచ్చినా ఆ పిల్లవాడి మెట్టు అక్కడే ఉంటుంది. తోటివాళ్లను అందుకోవాలన్న హడావుడి లేదు, తప్పాడన్న ముద్ర లేదు.

పాఠ్య పుస్తకాన్ని విప్పి వందలాది కార్డులుగా చేయడమే ఈ పద్ధతికి ఆయువుపట్టు. కొన్ని కార్డులు కొత్త విషయాన్ని పరిచయం చేస్తాయి, కొన్ని దాన్ని సాధన చేయిస్తాయి. తర్వాత ఒకటి పరీక్షిస్తుంది. తప్పినవాళ్లకు మళ్లీ నేర్పే కార్డు, దాటినవాళ్లకు ఇంకాస్త ముందుకు తీసుకెళ్లే కార్డు ఉంటాయి. పరీక్ష అన్న మాట వినకుండానే పిల్లలు రోజూ పరీక్ష రాస్తుంటారు. 1990ల్లో ఈ సామగ్రి ‘పెట్టెలో బడి’ పేరుతో ప్రచారంలోకి వచ్చింది. పేరు బాగుంది గానీ, అపార్థానికి బీజం కూడా అందులోనే ఉంది. బడి పెట్టెలో లేదు. స్థానిక కథలు, పాటలు సేకరించి, వాటితో పాఠాలు తయారుచేసిన టీచర్ల చేతుల్లో ఉంది. మెట్రిక్ మేళా అందుకు మంచి ఉదాహరణ. బడి ఆవరణలోనే సంత పెడతారు. పిల్లలే తూస్తారు, కొలుస్తారు, చిల్లర లెక్కపెడతారు. గణితం, భాష, బేరసారాలు అన్నీ ఒక్క పూటలో కలిసిపోతాయి. అంగట్లో ‘ఇది గణితం, ఇది తెలుగు’ అని ఎవరూ విడదీయరు కదా!

ఈ ఆలోచన శూన్యంలోంచి పుట్టలేదు. కోలారు జిల్లాలో తెలుగు మాట్లాడే పల్లెల మధ్య డేవిడ్ హార్స్‌బర్గ్ 1972లో నీల్‌బాగ్ బడి పెట్టారు. వేర్వేరు వయసుల పిల్లలు కలిసి, వడ్రంగం నుంచి పాటల దాకా ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకున్న చోటది. ఇంకా వెనక్కి వెళితే బెంగాల్. 1919లో మదనపల్లెకు వచ్చి ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి అనువదించిన రవీంద్రనాథ్ ఠాగూర్, అయిదేళ్ల తర్వాత 1924లో పేద పల్లె పిల్లల కోసం శిక్షాసత్ర ప్రారంభించారు. తోటపని, చేనేత, వంట ద్వారా చదువు నేర్పడం దాని ఉద్దేశం. పొరుగునే కలకత్తా ఉన్నా, ఆ నమూనా బెంగాల్ ప్రభుత్వ బడులకు పెద్దగా పాకలేదు.

మదనపల్లె పద్ధతి మాత్రం పాకింది. 1995లో కర్ణాటకలోని హెచ్.డి. కోటె తాలూకా టీచర్లు ఋషివ్యాలీ చూసి వెళ్లి ‘నలి-కలి’ మొదలుపెట్టారు. ‘ఆడుతూ నేర్చుకో’ అని దాని భావం. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో ఐఏఎస్ అధికారి ఎం.పి. విజయకుమార్ చొరవతో ఇదే తరహా కృత్యాధార బోధన వచ్చింది. 2007-08 నాటికి తమిళనాడు అంతటికీ విస్తరించింది. జర్మనీలోని రేగెన్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం దీనిపై పరిశోధనకు చేతులు కలిపింది.

అసలు కథ ఇక్కడే మెలిక తిరుగుతుంది. హెచ్.డి. కోటెలో టీచర్లు తమకు తాముగా తెచ్చుకున్నారు. రాష్ట్రమంతా అమలు చేయాలంటే జీవో కావాలి, ముద్రణాలయం కావాలి. ఒకే చోట అచ్చయిన కార్డులు వేలాది బడులకు చేరతాయి. చిరిగిన కార్డు స్థానంలో కొత్తది రాయడానికి టీచర్‌కు తీరికా ఉండదు, అధికారమూ ఉండదు. హోంవర్కు కనబడక తల్లిదండ్రులు కంగారుపడతారు. కార్డు నంబరు, మెట్టు నంబరు నింపడమే పనయిపోతే నిచ్చెన మరో సిలబస్‌గా మారిపోతుంది. పాత పుస్తకాన్ని ముక్కలు చేసి పంచిన లెక్క.

చట్టాలు, విధానాలు మాత్రం ఆ బడుల భాషే మాట్లాడుతున్నాయి. కృత్యాలు, అన్వేషణ ద్వారా చదువు సాగాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య ఎప్పుడైనా పిల్లలకు పది రోజులు సంచీ లేని బడి ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం సూచించింది. మరోవైపు ఈ పద్ధతికి నెలవైన చిన్న బడే నిలకడ లేకుండా పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన జీవో 117 మూడు, నాలుగు, అయిదు తరగతులను పెద్ద బడులకు తరలించే దారి తెరిచింది. నిరసనల తర్వాత 2025లో ప్రభుత్వం దాన్ని వెనక్కు తీసుకుంది. ఇద్దరు ముగ్గురు తరగతుల పిల్లలు ఒకే గదిలో ఉండటం లోపమని ఆ జీవో లెక్క. ఋషివ్యాలీ పల్లెబడుల్లో మాత్రం పెద్ద పిల్ల చిన్న పిల్లకు అక్షరం దిద్దించేది ఆ గదిలోనే.