అద్దె కోసం ఇల్లు కొనడం: ఖానాపురం హవేలి నుండి ఒక లెక్క

గత భాగంలో పెట్టుబడిపై రాబడి రేటును లెక్కించడం నేర్చుకున్నారు. ఆ పద్ధతిని ఇప్పుడు మన ఊళ్లలో అందరికీ తెలిసిన ఒక పెట్టుబడికి అన్వయిద్దాం. చేతికి నాలుగు డబ్బులు రాగానే ఇల్లు కొని అద్దెకిద్దామనుకునేవారు దాదాపు ప్రతి కుటుంబంలోనూ ఉంటారు. పదవీ విరమణ సొమ్మంతా అందులోనే పెట్టేవారూ ఉన్నారు. అక్కడ లెక్క తప్పితే ముసలితనంలో నెలనెలా రావలసిన ఆదాయానికే ఎసరు వస్తుంది.

స్థూల రాబడి, నికర రాబడి

ఖానాపురం హవేలి ఖమ్మం అర్బన్ మండలంలోనిది. ఇప్పుడు ఖమ్మం నగరపాలక సంస్థలో భాగం. పిల్లల చదువుల కోసం, ఉద్యోగాల కోసం పల్లెల నుండి వచ్చే కుటుంబాలు ఇలాంటి శివారు కాలనీల్లోనే పోర్షన్లు వెతుక్కుంటాయి. అక్కడ రెండు పోర్షన్ల పాత ఇల్లు 40 లక్షలకు దొరికిందనుకుందాం. (ఈ అంకెలు లెక్క కోసం తీసుకున్నవి. మీ వీధిలోని ధరలతో మీరే మార్చి చూసుకోండి.) ఒక్కో పోర్షన్ అద్దె 7,500 రూపాయలు. అంటే ఏడాదికి 1,80,000. దీనిని 40 లక్షలతో భాగిస్తే 4.5 శాతం. ఇది స్థూల రాబడి. మధ్యవర్తి మీకు చెప్పే అంకె ఇదే.

కానీ మీకు ఇల్లు 40 లక్షలకు రాలేదు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం, అంటే 3 లక్షలు. సున్నాలు, కొత్త మోటారు, వైరింగు మరో లక్ష. మీ అసలు పెట్టుబడి 44 లక్షలు.

రాబడి వైపు చూడండి. ఒకరు ఖాళీ చేశాక మరొకరు దిగేదాకా టులెట్ బోర్డు వేలాడుతూనే ఉంటుంది. ఒక్కో పోర్షన్ ఏడాదికి ఒక నెల ఖాళీగా ఉంటే 15,000 పోయినట్టే. ఇంటి పన్ను 6,000, మరమ్మతులు 18,000, బీమా, ఇతర చిల్లర ఖర్చులు 5,000 తీసివేస్తే మిగిలేది 1,36,000. దీనిని 44 లక్షలతో భాగిస్తే 3.1 శాతం. నాలుగున్నర మూడుకు దిగింది. బోరు ఎండిపోతే ఆ ఏడాది ఇంకా దిగుతుంది.

అద్దెదారు ఇచ్చే అడ్వాన్సును ఈ లెక్కలో చేర్చకండి. అది తిరిగి ఇవ్వవలసిన సొమ్ము, మీ అప్పుల ఖాతాలోది. చాలామంది ఇంటి యజమానులు దానిని ఖర్చు పెట్టేసి, అద్దెదారు వెళ్లే రోజున గోడల మీద మరకలు లెక్కపెడుతుంటారు.

అప్పు చేసి కొంటే

పై 44 లక్షలలో 24 లక్షలు బ్యాంకు రుణం అనుకోండి. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అయితే నెల వాయిదా దాదాపు 20,830. ఏడాదికి సుమారు 2,50,000. ఇంటి నుండి వచ్చేది 1,36,000. మిగిలిన 1,14,000, అంటే నెలకు 9,500 మీ జీతం నుండి కట్టాలి. మొదటి ఏడాది కట్టిన దానిలో అసలుకు జమయ్యేది 48 వేలు మాత్రమే, తక్కినదంతా వడ్డీ. మీరు చేతి నుండి పెట్టిన 20 లక్షలకు 6.5 శాతం డిపాజిట్‌పై 1,30,000 వచ్చేదన్న అవకాశ వ్యయం కూడా ఉంది. కాబట్టి ‘అద్దెతో వాయిదా తీరిపోతుంది’ అనే మాట ఈ అంకెల దగ్గర నిలవదు. ఈ పెట్టుబడి గట్టెక్కాలంటే స్థలం విలువ పెరగాలి. ఆ పెరుగుదల ఇల్లు అమ్మినప్పుడే చేతికి వస్తుంది. మందుల దుకాణంలో పనికిరాదు.

ఆదాయపు పన్నులో ఇంటి అద్దెకు ప్రత్యేక శీర్షిక ఉంది. యజమాని కట్టిన ఇంటి పన్ను తీసివేశాక, మిగిలినదానిలో 30 శాతం మినహాయింపు వస్తుంది. మరమ్మతులకు మీరు ఎంత పెట్టినా ఆ 30 శాతమే. రుణంపై వడ్డీని కూడా తీసివేయవచ్చు. మన ఉదాహరణలో అలా చేస్తే సుమారు 91 వేల నష్టం తేలుతుంది. కొత్త పన్ను విధానంలో ఉన్నవారు ఆ నష్టాన్ని జీతంతో సర్దుబాటు చేసుకోలేరు.

భద్రాచలంలో చౌకగా వస్తే?

‘ఇదే డబ్బుకు ఏజెన్సీలో రెండు ఇళ్లు వస్తాయి, అద్దెలూ బాగానే ఉన్నాయి’ అని ఎవరో ఒకరు చెబుతారు. ఇక్కడ ఆగి ఆలోచించండి. భద్రాచలం షెడ్యూల్డు ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. మనం 1/70 చట్టం అని పిలిచేది దానినే. దాని ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలోని స్థిరాస్తిని గిరిజనులకు, లేదా గిరిజనులు మాత్రమే సభ్యులైన సహకార సంఘానికి తప్ప మరెవరికీ బదిలీ చేయడానికి వీల్లేదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా ఇంతే. దీని చెల్లుబాటును సుప్రీంకోర్టు 1988లో సమర్థించింది. ఆదివాసుల భూమి చేతులు మారిపోకుండా చేసిన చట్టం ఇది. దాన్ని ‘ఇబ్బంది’ అనడం నాకు సమ్మతం కాదు.

గిరిజనేతరుడు నోటరీ కాగితం మీద అక్కడ ఇల్లు కొంటే అద్దె వస్తుంది, హక్కు రాదు. అలాంటి కాగితం మీద బ్యాంకు అప్పివ్వదు, సబ్‌రిజిస్ట్రారు దగ్గర మీ పేరు ఉండదు, అధికారులు ఖాళీ చేయించవచ్చు. ధర ఎందుకు చౌకో మీకిప్పుడు అర్థమై ఉంటుంది. ఖమ్మం అర్బన్ మండలం ఆ జాబితాలో లేదు. కానీ జాబితా గ్రామాలవారీగా ఉంటుంది కనుక, భద్రాచలం వైపు వెళ్లేకొద్దీ ఒక్కో గ్రామం పేరునూ రెవెన్యూ కార్యాలయంలో సరిచూసుకోవాలి.

నీటి సంగతి కూడా రాబడిలో భాగమే. భద్రాచలం వద్ద గోదావరి 1986లో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఖమ్మంలో 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి ఒడ్డు కాలనీలు మునిగాయి. వరద వస్తే అద్దెదారు సామాను సర్దుకుని వెళ్లగలడు. యజమానికి వాయిదా తేదీ మారదు.

అభ్యాసం: పై ఉదాహరణలో రుణం లేకుండా, ఒక పోర్షన్ నాలుగు నెలలు, రెండవది ఒక నెల ఖాళీగా ఉందనుకుని నికర రాబడి శాతాన్ని లెక్కించండి. తరువాత మీ వీధిలో అద్దెకిచ్చిన ఒక ఇంటి యజమానిని అడిగి, పోయిన ఏడాది ఆయన పెట్టిన ఖర్చులతో అదే లెక్క మళ్లీ చేయండి.